నడుము వంగకపోతే ముగ్గు ఆగాలా?

ధనుర్మాసం వచ్చిందంటే మన నల్లగొండ, పాలమూరు వైపు ఏ వాడకట్టులోకి వెళ్లినా ఒకటే కనబడుతుంది. కోడలో, మనమరాలో వాకిట్లో వంగి చుక్కలు పెడుతూ ఉంటుంది. అరుగు మీద ఒక పెద్దావిడ కూర్చొని "పదిహేను పెట్టి ఎనిమిది దాకా రా... గట్ల గాదు, ఆ మూలకున్నది పైకి తిప్పు" అని చెబుతూ ఉంటుంది. ఆవిడ చేతిలో ముగ్గుపిండి ఉండదు. ఎందుకంటే వంగలేదు. వంగినా మళ్లీ లేవలేదు.

ఆ పెద్దావిడల గురించే ఈ వారం. మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిది, ఏ కాపడం మంచిది అని మనం ఎన్నోసార్లు చదివాం, చెప్పుకున్నాం. నొప్పి తగ్గే దారి ఉంటే సంతోషమే. తగ్గదని తేలిపోయిన నొప్పితో ఇంకో పదేళ్లో ఇరవై ఏళ్లో గడపాల్సినవాళ్ల మాటేమిటి? వాళ్లకు రోజులో ఒక గంటైనా తేలిగ్గా గడవాలి కదా. అందుకు నేను చెప్పబోయేది బొమ్మలు వెయ్యడం. నవ్వకండి, మొత్తం చదివాక నవ్వుదురుగాని.

నొప్పుల సంగతి మన ప్రాంతం వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు... ఈ పేర్లు చెబితే చాలు, ఫ్లోరైడ్ నీళ్లు గుర్తొస్తాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేనప్పుడు ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చు అని మన దేశంలో లెక్క. మన పాత బోరింగుల్లో అంతకు ఎన్నో రెట్లు ఉన్నవి ఉండేవి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ బొక్కల్లో చేరుతుంది. కీళ్లను, వెన్నుపూసను పట్టి ఉంచే నరాలలాంటి పట్టీలు కూడా గట్టిపడిపోతాయి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు తయారు చేశారు. దానికి పెట్టిన పేరేమిటో తెలుసా? నల్లగొండ టెక్నిక్. పుస్తకాల్లో మన జిల్లా పేరు అలా నిలిచిపోయింది!

తర్వాత కృష్ణా నీళ్లు వచ్చాయి. కొన్ని ఊళ్లకు ముందే వస్తే, తక్కిన ఊళ్లకు 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నల్లాలతో వచ్చాయి. పిల్లలు బతికిపోయారు. కాని అంతకుముందు నలభై, యాభై ఏళ్లు ఆ బోరింగు నీళ్లు తాగినవాళ్ల బొక్కల్లోంచి దాన్ని తీసెయ్యడానికి ఈనాటికీ మందు లేదు. ఇక ఫ్లోరైడ్ లేని ఊళ్లలో మాత్రం ఏం తక్కువ? నాట్లు వేసి, కలుపు తీసి, బిందెలు మోసి, మగ్గం గుంటలో కాళ్లాడించి అరిగిపోయిన మోకాళ్లు, నడుములు ఇంటికొకటి ఉన్నాయి.

మా అత్తమ్మ పుట్టిల్లు, అత్తిల్లు రెండూ మర్రిగూడ వైపే. ఇప్పుడు 72 ఏళ్లు. మెడ పక్కకు తిరగదు, పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూస్తుంది. ఊళ్లో పెళ్లి జరిగితే పోలు ముగ్గుకు ఆమెనే పిలిచేవారట. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆమె ముగ్గు వేస్తుంటే పాలమ్మే ఆయన సైకిలు దిగి నడిపించుకుంటూ పక్క నుంచి పోయేవాడు, చెరిగిపోతుందని. తర్వాత తర్వాత అరుగు మీద కూర్చొని చెప్పడం మొదలైంది. మూడేళ్ల కిందటి సంక్రాంతికి అదీ మానేసింది. "నీకేది మంచిగనిపిస్తే అది ఏస్కో బిడ్డా" అని గోడ దిక్కు తిరిగి పడుకుంది. మాత్రలు వాడుతూనే ఉంది. ఆ మాట మాత్రం నాకు మాత్రలతో పొయ్యే జబ్బులా అనిపించలేదు.

మా పాప స్కూలు ప్రాజెక్టు కోసం తెచ్చిన నల్ల చార్టు ఒకటి మిగిలి ఉంది, తెల్ల పోస్టర్ కలరు సీసా కూడా ఉంది. "నానమ్మా, ఇది మన వాకిలి అనుకో, అలుకు చల్లి పెట్టిన" అని పాపే బల్ల మీద పరిచింది. మొదటి రోజు అత్తమ్మ కుంచె ముట్టుకోలేదు. వేలు ముంచి చుక్కలు పెట్టింది. ఐదు వరసలు పెట్టి ఆపేసింది. రెండో రోజు తక్కిన చుక్కలు. మూడో రోజుకు మెలికలు కలిపింది. నల్ల కాగితం మీద తెల్ల గీత, నిజంగానే తెల్లవారుజాము వాకిలిలాగా ఉంది.

ఇప్పటికి నలభై పైచిలుకు కాగితాలు అయ్యాయి. ఒక్కోదాని వెనక ఆ ముగ్గు ఎవరు నేర్పారో పాపతో రాయించింది. మేనత్త నేర్పింది, పక్కింటి పద్మశాలోళ్ల అక్క నేర్పింది, గాజులమ్మే ఆమె నేర్పింది అని. ముగ్గుల తర్వాత తంగేడు చెట్లు, మోట బావి, బతుకమ్మ వచ్చాయి. పాప ఒకసారి బోరింగు గియ్యమంది. "అది గియ్య. నా బొక్కలు వంచింది అదే" అంది. ఈనాటికీ గియ్యలేదు.

"నొప్పి తగ్గిందా అత్తమ్మా?" అని నేను అడిగాను. అందరూ అడిగేదే కదా.

"నొప్పి ఏడికి బోతది బిడ్డా? ఆడనే ఉంటది. గాని గీసేటప్పుడు దాని దిక్కు సూడనీకి నాకు తీరదు."

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత తెలిసింది. దెబ్బ తగిలిన మోచేతిని మనం వెంటనే రుద్దుకుంటాం, కాస్త ఊరట కలుగుతుంది. ఎందుకు? 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి ఒక లెక్క చెప్పారు. నొప్పి కబురు మెదడుకు పోయే దారిలో, వెన్నుపాములో ఒక దర్వాజలాంటిది ఉందట. రుద్దినప్పుడు కలిగే స్పర్శ ఆ దర్వాజను కొంత మూస్తుంది. పైనుంచి మెదడు కూడా దాన్ని మూయగలదు, తెరవగలదు. భయం, దిగులు, ఒంటరిగా పడుకొని దాని గురించే ఆలోచించడం దర్వాజను బార్లా తెరుస్తాయి. మనసు లీనమయ్యే పని దాన్ని దగ్గరికి వేస్తుంది. గడియ మాత్రం పడదు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ లెక్కను చాలా చోట్ల సవరించాయి గాని, నొప్పి అనేది ఒంటిదే కాదు మెదడుది కూడా అన్న మాట నిలబడింది. రాత్రిపూట నొప్పి ఎక్కువ అనిపించడానికి ఇదీ ఒక కారణం. చుట్టూ ఏ పనీ, ఏ మాటా ఉండదు కదా.

మరి టీవీ చూసినా మనసు మళ్లుతుంది కదా అంటారేమో. మళ్లుతుంది. కాని టీవీ ముందు మనిషి ఊరికే కూర్చుంటుంది. ముగ్గులో ఒక్క చుక్క తప్పితే ముగ్గంతా పోతుంది. కన్ను, చెయ్యి, లెక్క మూడూ పని చెయ్యాలి. అయ్యాక చేతిలో ఒకటి మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో మూడు వేలకు పైగా అధ్యయనాలను కూర్చి, బొమ్మలు, పాటలు, చేతిపనుల వంటివి ఆరోగ్యానికి ఎలా తోడ్పడతాయో ఒక పెద్ద నివేదిక వేసింది. అందులోనూ వీటిని మందుకు తోడుగానే చెప్పారు, మందుకు బదులుగా కాదు.

ఇది మనకే తోచిన ఉపాయం అనుకునేరు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక రైతు ఇల్లాలు ఉండేది. పేరు అన్నా మేరీ రాబర్ట్‌సన్ మోజెస్. పుట్టింది 1860లో. పదిమంది పిల్లల్ని కని ఐదుగురిని పసితనంలోనే పోగొట్టుకుంది. భర్త 1927లో పోయాడు. పొలం పని, పాడి, జాములు, పచ్చళ్లు పెట్టడం... ఒక్కమాటలో మనలాంటి మనిషే. డెబ్బై దాటాక ఊలు దారాలతో గుడ్డ మీద బొమ్మలు కుట్టేది. కీళ్లవాతం వచ్చి సూది పట్టుకోవడం కష్టమైంది. "సూది పట్టలేకపోతే కుంచె పట్టు, అది తేలిక" అన్నట్టు చెల్లెలు సలహా ఇచ్చింది. అలా మొదలుపెట్టింది. ఊరి సంతకు తను పెట్టిన జాములు, వేసిన బొమ్మలు రెండూ పంపితే జాములకు బహుమతి వచ్చిందట, బొమ్మలను ఎవరూ పట్టించుకోలేదట! 1938లో ఆ దారిన పోతున్న ఒకాయన మందుల షాపు కిటికీలో పెట్టిన ఆమె బొమ్మలు చూసి అన్నీ కొన్నాడు. 1940లో న్యూయార్క్ నగరంలో ప్రదర్శన. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు. లోకమంతా ఆమెను గ్రాండ్మా మోజెస్ అని, అంటే మోజెస్ అమ్మమ్మ అని పిలిచింది. 1961లో 101 ఏళ్ల వయసులో పోయేలోగా పదిహేను వందలకు పైగా బొమ్మలు వేసింది.

ఆమెకొచ్చిన పేరు, డబ్బు సంగతి పక్కన పెట్టండి, అవి అందరికీ రావు. నాకు నచ్చింది ఆమె పద్ధతి. ఒంటికి ఏ పని కుదరడం లేదో చూసుకొని, చేతిలో ఉన్న విద్యను పారెయ్యకుండా దాన్ని కుదిరే పనిలోకి మార్చుకుంది. నిలబెట్టిన చట్రం ముందు నిలబడేది కాదు, బల్ల మీద పరుచుకొని కూర్చొని వేసేది. ఫ్రాన్సులో రెన్వార్ అనే పెద్ద చిత్రకారుడికి కూడా కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోతే, ఇంకొకరు కుంచె చేతిలో పెట్టేవారు. 1919లో పోయేదాకా వేస్తూనే ఉన్నాడు. మతీస్ అని ఇంకొకాయన, 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక నిలబడలేక, రంగులు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించి అతికించడం మొదలుపెట్టాడు. కుంచె అస్సలు పట్టలేనివాళ్లకు ఈ కత్తెర పని బాగుంటుంది. పాత పెళ్లి పత్రికలు ఉండనే ఉన్నాయి.

ఇక ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? మొదట కుర్చీ. నేల మీద కూర్చోబెట్టొద్దు. వీపుకు ఆనుకునేలా ఉండాలి, కాళ్లు వేలాడకుండా కింద పీట పెట్టాలి. బల్ల మోచేతి ఎత్తులో ఉంటే భుజాలు లాగవు. వెలుతురు కిటికీలోంచి పక్కగా పడాలి. కుంచె సన్నగా ఉంటే వేళ్లు బిగుసుకుపోతాయి. దాని చుట్టూ పాత నూలు గుడ్డ చుట్టి దారంతో కట్టండి, లావుగా రోకలి పట్టినట్టు పట్టుకోవచ్చు. చిన్న కాగితం వద్దు, పెద్దది ఇవ్వండి. చిన్న బొమ్మకు వేళ్లు కష్టపడతాయి, పెద్ద బొమ్మకు చెయ్యి మొత్తం కదులుతుంది. చుక్కలు పెట్టడానికి కుంచె వెనక కొన చాలు.

రంగులు నీళ్లతో కలిపేవే తీసుకోండి. పోస్టర్ కలర్లు, ఫెవిక్రిల్ ఫ్యాబ్రిక్ రంగులు చాలు. నూనె రంగుల జోలికి పోవద్దు, టర్పెంటైన్ వాసన ముసలివాళ్లకు పడదు, ఇల్లంతా పట్టుకుంటుంది కూడా. కొనలేని చోట మన దగ్గర ఉన్నవే వాడొచ్చు. కడపలకు పూసే జాజు నూరి జల్లించి, తుమ్మబంక నానబెట్టిన నీళ్లతో కలిపితే చక్కటి ఎర్ర రంగు. సున్నపు తేట కాదు, అడుగున చిక్కగా ఉండే సున్నం తెలుపుకు పనికొస్తుంది, కాని వేళ్లకు తగలకుండా కుంచెతోనే వెయ్యాలి. పసుపు నీళ్లు కాగితానికి బాగా పడతాయి గాని ఎండ తగిలితే వెలిసిపోతుంది. రంగుల ఎంపిక మనం చెప్పనక్కరలేదు. గునుగు పూల కొసలు కోసి రంగుల్లో ముంచి, తంగేడు పక్కన ఏ వరస పేర్చాలో యాభై ఏళ్లు చూసిన చేతులవి.

సమయం మాత్రం మీరు చూసుకోవాలి. లీనమైతే నొప్పి తెలియదని చెప్పాను కదా, అందులోనే ఒక చిక్కుంది. తెలియకుండా గంటన్నర కూర్చుంటే, లేచాక అంతా కలిసి ఒక్కసారే వసూలు చేస్తుంది. అత్తమ్మ ఒక పండగ ముందు రోజు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఒకే కూర్పులో పూర్తి చేస్తానని పట్టుబట్టి మూడు రోజులు మంచం దిగలేదు. అప్పటినుంచి మా ఇంట్లో కుక్కరే గడియారం. పప్పు పొయ్యి మీద పెట్టగానే ఆమె మొదలుపెడుతుంది. విజిళ్లయి, ఆవిరి పోయి, మూత తీసేసరికి ఇరవై నిమిషాలు. అప్పుడు కుంచె నీళ్లలో వేసి, లేచి వసారాలో నాలుగడుగులు వెయ్యాల్సిందే. నొప్పి మరీ ఎక్కువున్న రోజు అసలు వెయ్యదు. రోజూ వెయ్యాలని మనమూ అనకూడదు. మందుల టైముకు తోడు ఇంకో నిర్బంధం ఎందుకు పాపం?

అసలు కష్టం రంగుల్లో లేదండీ, మనుషుల నోళ్లలో ఉంది. మా ఇంటికొచ్చిన బంధువొకావిడ బల్ల మీద కాగితాలు చూసి, "బొమ్మలేసే ఓపికుంది గాని, చిక్కుడుకాయ ఒలిసే ఓపిక లేదా?" అంది. నవ్వుతూనే అంది. అత్తమ్మ ఏమీ అనలేదు. పదిహేను రోజులు కుంచె ముట్టలేదు. పైగా రోజూ చిక్కుడుకాయలు, చింతచిగురు ముందేసుకొని కూర్చుంది, నేను వద్దన్నా వినకుండా. ఆ పదిహేను రోజులూ రాత్రుళ్లు మూలుగు వినబడుతూనే ఉంది.

ఆడవాళ్ల నొప్పికి ఎప్పుడూ సాక్ష్యం కావాలి. మంచంలో పడి ఉంటేనే నొప్పి ఉన్నట్టు, నవ్వితే లేనట్టు. ఒక గంట మనసుకు నచ్చింది చేస్తే, ఇరవై నాలుగు గంటలూ పనికి పనికొస్తుందని లెక్క వేస్తారు. మగవాళ్లు మోకాళ్ల నొప్పితోనే చావిడి దాకా పోయి పులిజూదమాడి వస్తే, "ఆడే ఓపికుంది గాని" అని ఎవరైనా అన్నారా? నేను మాత్రం వినలేదు. ఆ వేసే ఇరవై నిమిషాలు నొప్పి లేక కాదు, నొప్పి ఉండబట్టే అని ఇంటిల్లిపాదికీ, వచ్చిపొయ్యేవాళ్లకీ ముందే చెప్పాలి. ఆ చెప్పే పని పెద్దావిడది కాదు, మనది. మావారు ఈ విషయంలో కాస్త నయం, వాళ్ల అక్కకు ఫోను చేసి ఆయనే చెప్పారు. బల్ల తుడిచేది, చీర కొంగుకంటిన రంగు ఉతికేది నేనే అనుకోండి, దాచడమెందుకు.

ఒక జాగ్రత్త కూడా. పాత నొప్పి వేరు, కొత్త లక్షణం వేరు. కాళ్లు ఉన్నట్టుండి మొద్దుబారడం, నడక తూలడం, మూత్రం పట్టు తప్పడం, కీలు ఎర్రగా వాచి జ్వరం రావడం వంటివి కనబడితే రంగులు పక్కన పెట్టి వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి. గట్టిపడిన వెన్నెముక నరాలను నొక్కితే ఇలా జరుగుతుంది, ఆలస్యం చెయ్యకూడదు. నొప్పి మాత్రలు, సూదులు ఎవరు పడితే వారు ఇచ్చినవి నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఏ మాత్ర ఎన్నాళ్లని డాక్టరునడిగి రాసిపెట్టుకోండి.

వేసిన కాగితాలను మాత్రం పరుపు కింద దాచెయ్యకండి. వెనక తేదీ వేసి, రెండు నెలలకోసారి మార్చుతూ వసారాలో కట్టిన తాడుకు బట్టల క్లిప్పులతో పెట్టండి. మా వాడకట్టులో ఇప్పుడు సంక్రాంతికి ముందు ఇద్దరు ముగ్గురు కోడళ్లు సెల్‌ఫోను పట్టుకొని వచ్చి అత్తమ్మ ముగ్గులు ఫొటో తీసుకొని పోతున్నారు. ఆమె మళ్లీ "గట్ల గాదు, మూలది పైకి తిప్పు" అనడం మొదలుపెట్టింది.

చార్టు కాగితం అలవాటయ్యాక గుడ్డ మీద కూడా వేసుకోవచ్చు. చేర్యాల నకాశీవాళ్లు పటాలకు గుడ్డను చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి గట్టి చేస్తారు. ఆ జిగురు ఇంట్లో తీయడం ఎలాగో, గుడ్డ మీద ఎన్ని పూతలు పెట్టాలో వచ్చే వారం చెబుతాను. అందాకా చారుకు చింతపండు పిసికేటప్పుడు గింజలు పారెయ్యకండి.